గోదావరి డెల్టాలో విశ్వవిద్యాలయ చదువు: సాంకేతికత తెచ్చిన మార్పు

పూర్వపు తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనతో ప్రధానంగా తూర్పు గోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలయ్యాయి. కాకినాడలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూకే), రాజమహేంద్రవరం (రాజమండ్రి) శివారు రాజానగరం దగ్గరి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ, వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం, నూజివీడులోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఇక్కడి ఉన్నత విద్యకు ముఖ్య కేంద్రాలు. వీటి చుట్టూ పట్టణానికి ఒకటో రెండో డిగ్రీ కాలేజీలు, జాతీయ రహదారి పొడవునా ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. అచ్చుయంత్రం, రేడియో, ఉపగ్రహం, ఇంటర్నెట్, సెల్‌ఫోన్, కృత్రిమ మేధ ఒకదాని వెంట ఒకటి ఈ చదువుల్లోకి వచ్చాయి. వచ్చిన ప్రతి సాధనమూ విద్యార్థి చేతికి సమాచారాన్ని మరింత దగ్గర చేసింది. అయితే అడ్మిషన్లు, హాజరు, పరీక్ష, ఫలితాలు మారినంత త్వరగా తరగతి గదిలో పాఠం మారలేదు. ఈ ప్రాంతపు అనుభవంలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇదే.

నేపథ్యం

రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల 1853లో జిల్లా పాఠశాలగా మొదలైంది. అంటే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడాది. ఆ రెండింటికీ నేరుగా సంబంధం లేకపోయినా, కాలువల కింద పండిన పంటే తర్వాతి వందేళ్లలో ఇక్కడి కాలేజీలకు పెట్టుబడి అయింది. కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాల జమీందారీ పోషణలో పెరిగింది. 1945లో భీమవరంలో డీఎన్‌ఆర్ కళాశాల, ఏలూరులో సర్ సీఆర్ రెడ్డి కళాశాల, 1949లో నరసాపురంలో వైఎన్ కళాశాల, 1951లో అమలాపురంలో ఎస్‌కేబీఆర్ కళాశాల వచ్చాయి. రైతుల, వర్తకుల, దాతల చందాలతో పట్టణానికో కాలేజీ ఏర్పడటం డెల్టా ప్రత్యేకత. 1980లో భీమవరం పక్కన చిన అమిరంలో పెట్టిన ఎస్‌ఆర్‌కేఆర్ ఇంజనీరింగ్ కళాశాల కూడా ఆ వరసలోదే.

ఈ కాలేజీలకు ప్రశ్నపత్రమూ పాఠ్యప్రణాళికా మొదట మద్రాసు నుంచి, తర్వాత 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి వచ్చేవి. 1946లో పుట్టిన కాకినాడ ఇంజనీరింగ్ కళాశాల 1972లో జేఎన్‌టీయూలో భాగమై, 2008 ఆగస్టులో తానే విశ్వవిద్యాలయమైంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. కాబట్టి సుమారు నూటయాభై ఏళ్ల పాటు డెల్టా విద్యార్థికి విశ్వవిద్యాలయమంటే దూరంగా ఎక్కడో ఉండి పరీక్ష పెట్టే సంస్థే. చదువు చెప్పేది ఊళ్లోని కాలేజీ, మార్కులు వేసేది ఎక్కడో ఉన్న ఆఫీసు. ఈ విభజన తెలియకపోతే తర్వాత వచ్చిన యంత్రాలన్నీ మొదట పరీక్షల విభాగంలోకే ఎందుకు చేరాయో అర్థం కాదు.

నోట్సు

డెల్టా కాలేజీల్లో చదువుకు అసలు ప్రమాణం పుస్తకం కాదు, నోట్సు. లెక్చరర్ చెబుతుంటే రాసుకోవడం, రానివాళ్లు వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని ఎత్తి రాసుకోవడం, సీనియర్ల నోట్సు జూనియర్లకు చేరడం తరాలుగా నడిచాయి. మంచి నోట్సు చెప్పే మాస్టారికి ఊళ్లో పేరు వచ్చేది. పుస్తకాల కరువు దీనికి సగం కారణమైతే, పదేళ్ల పాత ప్రశ్నపత్రాల చుట్టూ తిరిగే పరీక్ష మిగతా సగం.

1980ల చివర, 90లలో కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులు వెలిశాయి. ఎత్తి రాసుకునే పని తప్పింది. రాసేటప్పుడు కొంతైనా మెదడుకెక్కేది, ఇప్పుడు కాగితం చేతికి వస్తోంది కానీ విషయం ఎక్కడం లేదని ఆనాటి అధ్యాపకులు చాలామంది బాధపడేవారు. ఆ బాధ ఊరికే పడింది కాదు. తర్వాత అదే నోట్సు స్కాన్ అయి పీడీఎఫ్ అయింది, వాట్సాప్ గ్రూపులోకి చేరింది, యూట్యూబ్‌లో ఇరవై నిమిషాల వీడియో అయింది. ఇవాళ కాకినాడలోనో భీమవరంలోనో ఒక ఇంజనీరింగ్ హాస్టల్‌లో పరీక్ష ముందు రాత్రి చూస్తే దృశ్యం దాదాపు ఒకేలా ఉంటుంది. ఐదు యూనిట్ల సిలబస్, యూనిట్‌కో వీడియో, వేగం ఒకటిన్నర రెట్లు పెంచి చూడటం, పక్కన ‘ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ పీడీఎఫ్. ఒకడు చూసి ముగ్గురికి చెబుతాడు. ఆ చెప్పడంలో నిజమైన బోధన కొంత జరుగుతుందన్నది కాదనలేం. హాస్టల్ గదిలో తోటివాడు తెలుగులో విడమరచి చెప్పిన ‘ఫోరియర్ సిరీస్’ చాలామందికి నాలుగేళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది.

మాధ్యమం మారినా లోపలి సరుకు మారలేదన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. చేతిరాత నోట్సులో ఏయే ప్రశ్నలకు జవాబులు ఉండేవో, వీడియోలోనూ సరిగ్గా వాటికే ఉన్నాయి.

రేడియో, ఉపగ్రహం, సార్వత్రిక విద్య

తరగతి గది బయట చదువుకునే దారి డెల్టాకు మొదట పోస్టులో వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. టీచర్లు, బ్యాంకు గుమస్తాలు, పెళ్లయి చదువాగిపోయిన ఆడవాళ్లు పోస్టులో వచ్చిన పాఠాల కట్టలతో డిగ్రీలు పూర్తిచేశారు. 1982 ఆగస్టు 26న హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తర్వాత దానికి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ చదవనివారినీ అర్హత పరీక్ష రాయించి డిగ్రీలో చేర్చుకోవడం అప్పటికి సాహసమే. అచ్చు పాఠాలు, ఆకాశవాణి పాఠాలు, దూరదర్శన్ పాఠాలు, ఆదివారం స్టడీ సెంటర్ తరగతులు కలిపి చదువు నడిచేది. రేడియో పాఠం విన్నవారికంటే స్టడీ సెంటర్‌కు వచ్చినవారే ఎక్కువ లాభపడ్డారని ఆ కేంద్రాల్లో చెప్పినవారు అంటారు. ఇంట్లో ఒంటరిగా చదివి తేలని సందేహం అక్కడ పది నిమిషాల్లో తేలేది. ఈ విశ్వవిద్యాలయం తెలుగులో పాఠాలు రాయించింది. దానికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

ఉపగ్రహ పాఠాల కథ వేరు. 1984 ఆగస్టు 15న యూజీసీ దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమం దూరదర్శన్‌లో మొదలైంది. కార్యక్రమాలు నాణ్యమైనవే. కానీ అవి ప్రధానంగా ఇంగ్లిషులో, మహానగర విద్యార్థిని మనసులో పెట్టుకుని చేసినవి. తణుకులోనో రామచంద్రపురంలోనో తెలుగు మీడియంలో బీఎస్సీ చదివే పిల్లవాడికి అవి టీవీలో వచ్చే మరో కార్యక్రమంగానే మిగిలాయి. 2000 దశకంలో రాష్ట్ర ప్రభుత్వం నడిపిన ‘మన టీవీ’ ఈ లోటు కొంత తీర్చింది. హైదరాబాద్ స్టూడియో నుంచి డిగ్రీ పాఠాలు తెలుగులో ప్రసారమయ్యేవి. ప్రభుత్వ కాలేజీల్లో డిష్ యాంటెన్నా, టీవీ పెట్టిన గది ఒకటి ఏర్పాటైంది. 2004 సెప్టెంబరు 20న చదువుల కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపారు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, ప్రసార సమయానికీ కాలేజీ టైంటేబుల్‌కూ పొత్తు కుదరలేదు. కరెంటు పోతే పాఠం పోయినట్టే. తిరిగి చూసే వీలు లేదు. ప్రశ్న అడగాలంటే ఫోన్ దొరకాలి. పరికరం చేరింది, దాన్ని వాడుకునే తీరిక కాలేజీ రోజులో చేరలేదు.

నూజివీడు ప్రయోగం

పాఠాన్నే మార్చాలన్న ప్రయత్నం ఈ ప్రాంతంలో ఒక్కచోట జరిగింది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు ప్రాంగణాలుగా స్థాపించారు. జనం ‘ట్రిపుల్ ఐటీ’ అంటారు. అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. ఉభయ గోదావరి జిల్లాల పిల్లలకు దగ్గరి ప్రాంగణం మొదటినుంచీ అదే. తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్‌కు మాట వినడం నేర్పే పరిశోధన చేసి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న శాస్త్రవేత్త.

పదో తరగతి మార్కుల ఆధారంగా, ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి అదనపు పాయింట్లు కలిపి, మండలాలవారీగా పిల్లల్ని ఎంపిక చేశారు. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిసి ఆరేళ్ల చదువు. వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 2008లో ఆ మాట ఎంత పెద్దదో ఊహించుకోవాలంటే ఆ పిల్లల ఇళ్లు చూడాలి. వ్యవసాయ కూలీలు, చేపల చెరువుల్లో పనిచేసేవాళ్లు, నేతపనివాళ్ల బిడ్డలు చాలామంది అంతకుముందు కంప్యూటర్‌ను ముట్టుకోలేదు. పాఠాన్ని డిజిటల్ రూపంలో ముందే తయారుచేసి ల్యాప్‌టాప్‌లో ఇవ్వడం, తరగతిలో ఉపన్యాసానికి బదులు సాధన చేయించడం, పక్కన ఉండి దారి చూపే మెంటర్లను పెట్టడం మొదటి ఏళ్ల పద్ధతి.

ఇది పూర్తిగా అనుకున్నట్టు సాగలేదు. పదిహేనేళ్ల వయసులో ఇల్లు విడిచి వచ్చిన, తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లిషులోకి దూకిన పిల్లలకు తెర మీది పాఠం ఒంటరితనాన్ని పెంచింది. మనిషి నిలబడి చెప్పాలని వాళ్లే అడిగారు. క్రమంగా మామూలు తరగతి బోధన పెరిగింది, అధ్యాపకుల పాత్ర పెరిగింది. దీన్ని ఓటమిగా లెక్కగట్టడం తప్పు. అక్కడ చదివిన పల్లెటూరి పిల్లలు ఐటీ కంపెనీల్లో, పరిశోధనలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. కంప్యూటర్ వాళ్లకు భయపెట్టే వస్తువుగా కాక చేతి పనిముట్టుగా మారింది. పరికరం, హాస్టల్, భోజనం, గురువు నాలుగూ ఒకేచోట ఇచ్చినందువల్ల ఈ ఫలితం వచ్చింది. ల్యాప్‌టాప్ ఒక్కటే పంచిన పథకాలేవీ ఇంత దూరం వెళ్లలేదు.

పరీక్ష, హాజరు, ఫలితం

ఎంసెట్ 1986లో వచ్చింది. జవాబులు ఓఎంఆర్ కాగితం మీద గళ్లు నింపడంతో మొదలై, కంప్యూటర్ ముందు కూర్చుని క్లిక్ చేయడం దాకా వచ్చాయి. సీట్ల కేటాయింపు ఒకప్పుడు కౌన్సెలింగ్ కేంద్రాల్లో రోజంతా నిరీక్షణ, ఇప్పుడు వెబ్ ఆప్షన్లు. అవి పెట్టే రోజుల్లో రాజమండ్రి, కాకినాడ నెట్ సెంటర్లు కిటకిటలాడేవి. డిగ్రీ అడ్మిషన్లు కూడా 2020–21 నుంచి రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి.

జేఎన్‌టీయూకే అనుబంధ కాలేజీల్లో పరీక్ష రోజు ఉదయం చూస్తే ఈ మార్పు లోతు తెలుస్తుంది. ఒకప్పుడు సీలు వేసిన ప్రశ్నపత్రాల కట్టలు ముందురోజులకే బందోబస్తుతో కదిలేవి. ఇప్పుడు పరీక్షకు కొద్దిసేపటి ముందు పత్రం ఆన్‌లైన్‌లో వస్తుంది. కాలేజీ పరీక్షల గదిలో పాస్‌వర్డుతో తెరిచి, అక్కడికక్కడే ప్రింటు తీసి హాళ్లకు పంపుతారు. మిడ్ పరీక్షల్లో కొంత భాగం ఆన్‌లైన్ బిట్లు. ఫలితాలు ఫోన్లో, సప్లీ ఫీజు ఫోన్లో, మార్కుల పట్టికలు డిజిలాకర్‌లో. లీకేజీల బెడద తగ్గించడానికీ, పదుల కొద్దీ కాలేజీల్ని ఒకే రోజున ఒకే గడియారం మీద నడపడానికీ ఇది నిజంగా ఉపకరించింది.

అధ్యాపకుల రోజు కూడా ఇటే మళ్లింది. బయోమెట్రిక్, ఆ తర్వాత ముఖాన్ని గుర్తుపట్టే హాజరు యాప్‌లు, న్యాక్ గుర్తింపు కోసం అప్‌లోడ్ చేయాల్సిన ఫైళ్లు, ప్రతి కోర్సుకూ ఫలితాల పట్టికలు, ప్రతి కార్యక్రమానికీ జియోట్యాగ్ ఫొటో. కాలేజీల్లో లెక్చరర్లను కదిలిస్తే పాఠం కంటే డేటా గురించే ఎక్కువ చెబుతారు. బోధనకు సాయపడాల్సిన కంప్యూటర్ బోధనకు ఉన్న గంటల్ని తినేయడం ఈ దశాబ్దపు పెద్ద నష్టం. దీన్ని ఏ నివేదికా లెక్కగట్టదు.

బిట్ల పద్ధతి మరో పని చేసింది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం వచ్చినవాడికి, తెల్లకాగితం మీద సమస్యను మొదటినుంచీ తేల్చడం రావాలని లేదు. ఇంటర్‌లోనే బిట్లకు అలవాటుపడి వచ్చిన పిల్లలకు బీటెక్ మొదటి ఏడాది గణితం కష్టమవడానికి ఇదొక కారణం.

మహమ్మారి, వరద, నెట్ నిలిపివేత

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చౌకైంది. అదే ఏడాది డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామానికి ఫైబర్ నెట్ వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ సహకారంతో స్మార్ట్ విలేజ్‌గా ఎంచుకున్న ఊరు అది. ఇంటింటికీ ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఒకే తీగలో అందించడం అప్పట్లో రాష్ట్రమంతా మాట్లాడుకున్న సంగతి. ఆ ఊరికి గోదావరి అవతల నరసాపురం. ఇటు మండలంలో చాలామంది విద్యార్థులు కాలేజీకి వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరాలి. గోదావరి పాయ వశిష్ఠ మీద వంతెన కోసం ఎదురుచూస్తున్న ఊళ్లకు వంతెన కంటే ముందు ఫైబర్ రావడం డెల్టా అభివృద్ధి వరసను చెప్పే విషయం.

2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాయి. జూమ్, గూగుల్ మీట్, వాట్సాప్ రాత్రికి రాత్రి తరగతి గదులయ్యాయి. కళాశాల విద్యాశాఖ లెక్చరర్ల చేత వీడియో పాఠాలు చేయించి తన ఎల్‌ఎంఎస్ వేదికలో పెట్టింది. ఆ ఏడాది తూర్పు గోదావరి రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైన జిల్లాల్లో ఒకటి. ఆగస్టులో గోదావరికి వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు, ప్రవాహం 20 లక్షల క్యూసెక్కులు దాటింది. నది మధ్య లంక గ్రామాల్లో కరెంటు తీసేశారు. ఫోన్ చార్జింగ్ అయిపోతే తరగతీ అయిపోయినట్టే. పునరావాస కేంద్రంలో ఉన్న విద్యార్థికి ఆన్‌లైన్ హాజరు ఎలా వేయాలో ఏ నిబంధనలోనూ లేదు. కాలేజీలు నవంబరు 2 నుంచి దశలవారీగా తెరిచారు.

2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతం. అంటే ఆన్‌లైన్ చదువు చాలా ఇళ్లలో ఒకే ఒక్క స్మార్ట్‌ఫోన్ మీద నడిచింది. ఆ ఫోన్ నాన్నది. ఆయన చెరువు మీదకో చేనికో వెళ్తే ఫోన్ వెంట వెళ్లేది. ఇద్దరు పిల్లలుంటే ముందు ఎవరి తరగతి అన్న ప్రశ్న వచ్చేది. చాలాచోట్ల అబ్బాయి తరగతికే ముందు మొగ్గు. అమ్మాయిలు రాత్రి పూట రికార్డు చేసిన పాఠం విని చదువుకున్నారు. మన్యంలో, రంపచోడవరం వైపు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సి వచ్చింది.

రెండేళ్లకు కోనసీమ మరో పాఠం నేర్పింది. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. పలు మండలాల్లో రెండు వారాల దాకా పునరుద్ధరించలేదు. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని జిల్లా దాటి, గోదావరి ఒడ్డున సిగ్నల్ అందే చోట్లకు పోయారు. నోటిఫికేషన్లు, ఫీజులు, హాల్ టికెట్లు, పాఠాలు అన్నీ ఫోన్లోకి చేరిపోయాక దాన్ని ఆపడమంటే కాలేజీ ఆఫీసుకీ లైబ్రరీకీ ఒకేసారి తాళం వేయడం. శాంతిభద్రతల నిర్ణయాల్లో ఈ లెక్క ఎవరూ వేసినట్టు లేదు.

ప్రయోగశాల, పొలం, వార్డు

ఐఐటీలు కేంద్ర సాయంతో రూపొందించిన వర్చువల్ ల్యాబ్స్ దశాబ్దంన్నరగా ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. పరికరాలు లేని కాలేజీకి అవి వరం. చాలాచోట్ల కరోనా కాలంలోనే వాటి పేరు విన్నారు. ప్రయోగశాలలో ఇప్పటికీ బలంగా ఉన్నది ‘రికార్డు’. పోయినేడాది సీనియర్ రికార్డు చూసి ఎత్తి రాసే పద్ధతికి ఏ సాఫ్ట్‌వేరూ అడ్డు రాలేదు. రీడింగులు కూడా అందులోవే వస్తాయి. ఓసిల్లోస్కోపు ఎదుట నిలబడి తరంగం ఎందుకు వంకరపోయిందో తేల్చుకోవడానికి అరగంట దొరికిన విద్యార్థి ఆ ఏడాదంతటిలో నిజంగా నేర్చుకున్నది ఆ అరగంటే కావచ్చు.

వ్యవసాయ చదువుల్లో పరిస్థితి మెరుగు. మార్టేరు పరిశోధనా కేంద్రం 1925 నాటిది. దేశమంతా పండించిన స్వర్ణ (ఎంటీయూ 7029) వరి అక్కడిదే. వ్యవసాయ బీఎస్సీ చివరి ఏడాది విద్యార్థులు ఊళ్లలో ఉండి రైతుల దగ్గర పని నేర్చుకునే కార్యక్రమం ఉంది. అక్కడ ఫోన్ సహజంగా ఒదిగింది. దోమపోటు తగిలిన దుబ్బు ఫొటో తీసి ప్రొఫెసర్‌కు పంపడం, సాయంత్రానికి సలహా తెచ్చి రైతుకు చెప్పడం, మర్నాడు అదే మడికి వెళ్లి చూడటం. ఇక్కడ ప్రశ్న పొలంలో పుట్టింది కాబట్టి సాధనం పాఠానికి పనికొచ్చింది. వైద్యవిద్యలోనూ 2019 నుంచి అమలైన కొత్త పాఠ్యప్రణాళిక నైపుణ్య ప్రయోగశాలల్ని తప్పనిసరి చేసింది. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల వంటి చోట్ల విద్యార్థి బొమ్మ మీద సూది వేయడం నేర్చుకున్నాకే వార్డులో రోగి దగ్గరికి వెళ్లాలి. రోగి పక్షాన చూస్తే ఇంతకన్నా మంచి మార్పు మరొకటి లేదు.

స్వయం, ఎడ్‌ఎక్స్, భాష

ఐఐటీల ఎన్‌పీటెల్ 2003 నుంచి, కేంద్రం ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 2017 జూలై నుంచి ఉన్నాయి. యూజీసీ 2016లో ఒక సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం దాకా, 2021లో 40 శాతం దాకా స్వయం ద్వారా పూర్తిచేసే వీలిచ్చింది. ఎడ్‌ఎక్స్ వేదికలోని కోర్సుల్ని రాష్ట్ర విద్యార్థులకు ఉచితంగా అందించే ఏర్పాటు 2024 ఫిబ్రవరిలో మొదలైంది. భీమవరం డిగ్రీ విద్యార్థిని ఎంఐటీ ప్రొఫెసర్ పాఠం వినగలగడం చిన్న విషయం కాదు. ఇష్టంతో వినేవారికి లోకం తెరుచుకుంది. క్రెడిట్ కోసం నమోదైనవారు మాత్రం చాలామంది వీడియో నడుస్తుండగా వేరే పని చేసుకుని, క్విజ్ జవాబులు గ్రూపులో తెచ్చుకుంటారు. సర్టిఫికెట్ల సంఖ్య కాలేజీ ఘనతగా లెక్కలోకి రావడం ఈ తంతును పెంచింది.

అసలు గండి భాష దగ్గర పడుతోంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి దాకా శాస్త్ర గ్రంథాల్ని తెలుగులో తెచ్చింది. 2021–22 నుంచి రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి వెళ్లాయి. అదే కాలంలో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ తెలుగు సహా ప్రాంతీయ భాషల్లో బీటెక్‌కు అనుమతించింది. ఎన్‌పీటెల్ పాఠాల తెలుగు అనువాదాలు వచ్చాయి. ఒక చేత్తో మూసి మరో చేత్తో తెరవడంలా ఉంది ఈ విధానం. తరగతుల్లో జరిగేది మూడోది. స్లైడు ఇంగ్లిషులో ఉంటుంది, వివరణ తెలుగులో సాగుతుంది, జవాబుపత్రం బట్టీపట్టిన ఇంగ్లిషులో వస్తుంది. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలకు అంత ఆదరణ రావడానికి కారణం అవి మధ్యనున్న ఆ వివరణను అందించడమే. వాటిలో చాలా మంచివి ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు వాటిని పరిశీలించి, తప్పులు దిద్ది, సిలబస్‌కు జతచేసే పని చేపట్టి ఉండాల్సింది. ఇంతవరకూ ఆ బాధ్యతను అల్గారిథానికే వదిలేశాయి.

కృత్రిమ మేధ

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. ఏడాది తిరిగేసరికి డెల్టా కాలేజీల్లో అసైన్‌మెంట్ల భాష మారిపోయింది. వ్యాకరణం కుదిరింది, వాక్యాలన్నీ ఒకే పోతలో వస్తున్నాయి. ఇంటికిచ్చే అసైన్‌మెంట్‌కు కొలమానంగా ఉన్న విలువ పోయింది. దానికి విరుగుడుగా కొందరు అధ్యాపకులు వైవాను బలపరిచారు. నువ్వు రాసినదాన్నే తెలుగులో చెప్పమంటారు. చెప్పగలిగితే మార్కులు. ఈ పద్ధతికి ఖర్చు లేదు, అరవై మంది ఉన్న సెక్షన్‌లో సమయం మాత్రం చాలా పడుతుంది.

మరోపక్క, ఇంగ్లిషు పేరాను తెలుగులోకి తెచ్చి, అర్థం కాకపోతే ఇంకోలా చెప్పమని విసుగు లేకుండా ఎన్నిసార్లయినా అడగగలిగే సాధనం మొదటిసారి పల్లెటూరి విద్యార్థి చేతికి వచ్చింది. తరగతిలో లేచి అడగడానికి బెరుకుపడే అమ్మాయికి ఇది పెద్ద ఆసరా. తెలుగులో ఇంకా తప్పులు చెబుతుంది. శాస్త్ర విషయాల్లో ఆ తప్పుల్ని పట్టుకునే గురువు పక్కన ఉండాల్సిందే.

సీట్ల లెక్క కూడా మారింది. ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్, ఏఐ, డేటా సైన్స్ బ్రాంచీలు పెరిగి, సివిల్, మెకానికల్ బాగా తగ్గాయి. ధవళేశ్వరం ఆనకట్ట, దాని దిగువ కాలువలు, పక్కనే పోలవరం, ఏటా కోతకు గురయ్యే లంకలు, ఉప్పుదేలుతున్న తీరం ఉన్న ప్రాంతంలో నీటి ఇంజనీరింగ్ చదివే పిల్లలు కరవవడం ఆందోళన కలిగించాలి. కొత్త బ్రాంచీల సిలబస్‌లో ఇక్కడి నది ఎక్కడా కనిపించదు. ధవళేశ్వరం ప్రవాహ లెక్కలు డేటా సైన్స్ తరగతికి చక్కని ముడిసరుకు. ఎక్కడో అమెరికా ఇళ్ల ధరల పట్టికతోనే అభ్యాసాలు నడుస్తున్నాయి.

సమాజ సేవా ప్రాజెక్టు

2020–21 నుంచి రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. అందులో మొదటిది ఊళ్లో చేసే సమాజ సేవా ప్రాజెక్టు. విద్యార్థి ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, ఒక సమస్యను ఎంచుకుని నివేదిక రాయాలి. ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల పక్కన తాగునీరు, కోనసీమలో కొబ్బరి ధర, పల్లెవాడల్లో ఆడపిల్లల చదువు మానిపించడం వంటివి సహజంగా వచ్చే విషయాలు. ప్రశ్నావళి గూగుల్ ఫారంలో పెట్టుకుని ఫోన్ చేతబట్టి వెళ్తారు. తాత్సారం చేసినవాళ్లు ఇంట్లో కూర్చునే ఫారాలు నింపేస్తారు, నివేదికను నెట్ నుంచో చాట్‌జీపీటీ నుంచో తెచ్చుకుంటారు. నిజంగా తిరిగినవాళ్ల కాగితాల్లో తేడా వెంటనే తెలుస్తుంది. ఫలానా బోరులో నీళ్లు ఎప్పటినుంచి ఉప్పగా మారాయో, ట్యాంకర్ ఏ వీధి దాకా వస్తుందో, ఏ ఇంటివాళ్లు డబ్బాల నీళ్లు కొంటున్నారో వాటిలో ఉంటుంది.

ఈ నివేదికల్ని పరిశీలించి మార్కులు వేసి మూసేస్తున్నారు. ఒక్కో కాలేజీ ఏటా వందల ఊళ్ల వీధుల సమాచారాన్ని ఇలా పోగేస్తోంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం తన అనుబంధ కాలేజీల నివేదికల్లో మంచివాటిని ఏరి, పేర్లు తొలగించి, తెలుగులోనే మండలాలవారీగా అందరూ చూసే డిజిటల్ భాండాగారంలో పెడితే వచ్చే ఏడాది అదే ఊరికి వెళ్లే విద్యార్థి పోయినేటి లెక్కతో పోల్చి చూడగలుగుతాడు. పంచాయతీ సర్పంచి కూడా దాన్ని తెరిచి చూస్తాడు. దీనికి కావలసిన సర్వర్లు, ఫైబర్, ఫోన్లు డెల్టాలో ఇప్పటికే ఉన్నాయి.